ఆర్ అని రాసి ఉంటే కుడికి తిప్పుతుందని కాదు

ప్రశ్న: మాది గాజువాక. బీఎస్సీ అయ్యాక పరవాడలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో ట్రైనీగా చేరాను. సాయంత్రాలు పీజీసెట్‌కి చదువుకుంటున్నాను. స్టీరియో ఐసోమెరిజం (అతుకులు ఒకటే అయినా గ్రూపుల అమరిక వేరుగా ఉండే అణువుల పాఠం) దగ్గర మాత్రం బండి ముందుకు కదలడం లేదు. ఆర్ అంటే కుడి, ఎస్ అంటే ఎడమ అని గుర్తుపెట్టుకున్నాను. తీరా ల్యాబ్‌లో చూస్తే పేరులో ఎస్ ఉన్న ఒక పదార్థం పోలారిమీటర్‌లో ప్లస్ చూపించింది, ఇంకో ఎస్ మైనస్ చూపించింది. ఫిషర్ బొమ్మను తిప్పితే జవాబు మారిపోతోంది. ఎన్ని ఐసోమర్లు ఉంటాయి అన్న లెక్క ఎప్పుడూ ఒకటో రెండో తేడా వస్తోంది. సిస్-ట్రాన్స్, ఈ-జెడ్, డీ-ఎల్, ఆర్-ఎస్ అన్నీ కలగాపులగం అయిపోయాయి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఇబ్బంది జ్ఞాపకశక్తిది కాదు. మూడు వేర్వేరు ప్రశ్నల జవాబులు మీ నోట్సులో ఒకే చోట పోగుపడ్డాయి. రెండు అణువుల మధ్య చుట్టరికం ఏమిటి అన్నది మొదటి ప్రశ్న. ఎనాన్షియోమర్లు, డయాస్టీరియోమర్లు, కాన్ఫర్మర్లు అన్నవి దాని జవాబులు. ఒక అణువులో గ్రూపులు ఎటు అమరి ఉన్నాయో పేరులో ఎలా రాయాలి అన్నది రెండోది. ఆర్-ఎస్, ఈ-జెడ్, డీ-ఎల్ అందుకోసం పెట్టుకున్న గుర్తులు. ఆ పదార్థం తలధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, ఎటు, ఎంత తిప్పింది అన్నది మూడోది. ప్లస్ (కుడికి), మైనస్ (ఎడమకు) దాని జవాబు. మొదటి రెండూ బొమ్మ చూసి తేల్చవచ్చు. మూడోది మాత్రం కాంతి తిరిగిన కోణాన్ని కొలిచే పరికరం, పోలారిమీటర్, చెప్పాల్సిందే.

చరిత్ర చూసినా ఇది తెలుస్తుంది. టర్పెంటైన్ వంటి ద్రవాలు ధ్రువిత కాంతిని తిప్పుతాయని బియో 1815లోనే గమనించాడు. కార్బన్ నాలుగు బంధాలు చతుర్ముఖి మూలల వైపు ఉంటాయని వాంట్ హాఫ్, లె బెల్ 1874లో విడివిడిగా చెప్పారు. అయినా ప్లస్ టార్టారిక్ ఆమ్లంలో ఏ గ్రూపు నిజంగా ఎటు ఉందో ఎవరికీ తెలియదు. ఫిషర్ చక్కెరలకు బొమ్మలు గీసినప్పుడు రెండు అవకాశాల్లో ఒకదాన్ని ఊహించి ఎంచుకున్నాడు. 1951లో బైవోయెట్ ఎక్స్-కిరణాలతో టార్టరేట్ లవణాన్ని పరిశీలించాకే ఆ ఊహ సరైనదని తేలింది. గుర్తు నుంచి అమరికను నేరుగా చదవగలిగి ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

ఇక చుట్టరికం తేల్చే పద్ధతి. ప్రశ్నల వరుస మార్చకండి. రెండు బొమ్మల అణుఫార్ములా ఒకటేనా? ఒకటైతే, ఏ పరమాణువు దేనికి అతికి ఉంది అన్నది రెంటిలోనూ ఒకటేనా? కాకపోతే అవి నిర్మాణ సాదృశ్యకాలు, బ్యూటన్-1-ఓల్, బ్యూటన్-2-ఓల్ లాగా. అక్కడితో ఆగిపోవచ్చు. అతుకులు ఒకటే అయితే, ఏకబంధాల చుట్టూ తిప్పినంత మాత్రాన ఒకటి రెండోది అవుతుందా? అయితే కాన్ఫర్మర్లు. బంధం తెంచితే తప్ప కాదంటే, అవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలా, అయినా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవా? అవునంటే ఎనాన్షియోమర్లు. ప్రతిబింబాలు కాని మిగతావన్నీ డయాస్టీరియోమర్లు.

ఈ లెక్కన సిస్ (గ్రూపులు ఒకే వైపు), ట్రాన్స్ (ఎదురెదురు వైపుల) జతలు కూడా డయాస్టీరియోమర్లే. చాలా గైడ్లలో జ్యామితీయ సాదృశ్యం, ధ్రువణ సాదృశ్యం అని రెండు అధ్యాయాలు ఉండటంతో విద్యార్థులు వాటిని సంబంధం లేని విషయాలుగా చదువుతున్నారు. ఆ విభజన కన్నా పై పద్ధతే పట్టుకోమని నా గట్టి సలహా. పరీక్షలోనూ, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమాన్ని కాలమ్ గుండా పంపి పదార్థాలను విడదీసే పరికరం) ముందు నిలబడ్డప్పుడూ పనికొచ్చేది ఇదే.

కాన్ఫర్మర్ల గురించి అంకెలు రెండు తెలిస్తే చాలు. ఈథేన్‌లో ఏకబంధం చుట్టూ తిరగడానికి అడ్డు మోల్‌కు సుమారు 12 కిలోజౌళ్లు. గది ఉష్ణోగ్రతలో అణువులు దాన్ని క్షణంలో కోటానుకోట్ల సార్లు దాటేస్తాయి, కాబట్టి ఏ రూపాన్నీ విడిగా సీసాలో పెట్టలేం. ద్విబంధం చుట్టూ తిప్పాలంటే అందులోని రెండో బంధం, అంటే పై (π) బంధం తెగాలి, దానికి సుమారు 270 కిలోజౌళ్లు కావాలి. అందుకే సిస్, ట్రాన్స్ రెండు వేర్వేరు పదార్థాలుగా నిలుస్తాయి. ఏకబంధమైనా పక్కన బరువైన గ్రూపులు అడ్డుపడితే తిరగలేదు. 6,6'-డైనైట్రోడైఫినిక్ ఆమ్లంలో రెండు బెంజీన్ వలయాల మధ్య బంధం అలాంటిదే. కైరల్ కార్బన్ (నాలుగు వేర్వేరు గ్రూపులు అతికిన కార్బన్) ఒక్కటీ లేకుండానే దాని ప్రతిబింబ రూపాలను 1922లో వేరుచేశారు.

ద్విబంధం ఉంది కదా అని సిస్-ట్రాన్స్ రాసేయకండి. ద్విబంధంలోని రెండు కార్బన్లలో ప్రతి ఒక్కదాని మీదా రెండు వేర్వేరు గ్రూపులు ఉండాలి. బ్యూట్-1-ఈన్‌లో చివరి కార్బన్ మీద రెండూ హైడ్రోజన్లే కాబట్టి అక్కడ ఏమీ లేదు. బ్యూట్-2-ఈన్‌లో ఉంది. దాని సిస్ రూపం 3.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ట్రాన్స్ 0.9 దగ్గర. సిస్‌లో ద్విధ్రువ భ్రామకం (అణువులో ధన, ఋణ ఆవేశాలు ఎంత విడిపోయాయో చెప్పే కొలత) కొంత మిగులుతుంది, ట్రాన్స్‌లో రెండు వైపులా సరిపోయి సున్నా అవుతుంది. ద్రవీభవన స్థానాలు మాత్రం తలకిందులు: ట్రాన్స్‌ది సుమారు మైనస్ 106, సిస్‌ది మైనస్ 139. స్ఫటికంలో ట్రాన్స్ అణువులు దగ్గరగా, ఒద్దికగా పేరుకుంటాయి. మరుగు స్థానం, ద్రవీభవన స్థానం వేర్వేరు కారణాల మీద నడుస్తాయని ఇక్కడే గుర్తుపెట్టుకోండి.

మాలీయిక్, ఫ్యుమారిక్ ఆమ్లాల జత ఇంకా మంచి పాఠం. సిస్ అయిన మాలీయిక్ ఆమ్లంలో రెండు కార్బాక్సిల్ గ్రూపులు ఒకే వైపు ఉంటాయి కనుక వేడి చేస్తే నీరు వదిలి తేలిగ్గా ఎన్‌హైడ్రైడ్ అవుతుంది. ఫ్యుమారిక్ ఆమ్లంలో అవి ఎదురెదురు వైపుల ఉంటాయి, చాలా ఎక్కువ వేడి ఇస్తే తప్ప అది జరగదు. మాలీయిక్ నీటిలో బాగా కరుగుతుంది. ఫ్యుమారిక్ 100 మి.లీ. నీటిలో ఒక గ్రాము కూడా కరగదు. డయాస్టీరియోమర్లకు భౌతిక, రసాయన ధర్మాలు వేరు అన్న వాక్యానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

ద్విబంధం మీద మూడో నాలుగో వేర్వేరు గ్రూపులు ఉన్నప్పుడు సిస్-ట్రాన్స్ అన్న మాట సరిపోదు, అప్పుడు ఈ-జెడ్ వాడాలి. ప్రతి కార్బన్ మీదా పెద్ద గ్రూపు ఏదో చూడాలి (పెద్దది అంటే సైజు కాదు, పరమాణు సంఖ్యను బట్టి; నియమం కింద ఆర్-ఎస్ దగ్గర ఉంది). రెండు పెద్దవీ ఒకే వైపు ఉంటే జెడ్, ఎదురెదురుగా ఉంటే ఈ. సిస్ అంటే జెడ్, ట్రాన్స్ అంటే ఈ అని బట్టీ పడితే 2-క్లోరోబ్యూట్-2-ఈన్ దగ్గర దొరికిపోతారు. రెండు మిథైళ్లూ ఒకే వైపు ఉన్న రూపాన్ని చాలామంది సిస్ అనేస్తారు. కానీ రెండో కార్బన్ మీద పెద్దది క్లోరిన్, మూడో కార్బన్ మీద పెద్దది మిథైల్. అవి ఎదురెదురు వైపుల ఉన్నాయి, కాబట్టి జవాబు ఈ.

ఇక కైరాలిటీ, అంటే అణువు తన అద్దపు ప్రతిబింబం మీద సరిగ్గా కూర్చోకపోవడం. జత చెప్పుల్లో కుడిది, ఎడమది ఒకే తోలు, ఒకే సైజు, ఒకే బరువు. తక్కెడలో వేస్తే తేడా తెలియదు. కాలు పెడితేనే తెలుస్తుంది, ఎందుకంటే కాలికి కూడా కుడి-ఎడమలు ఉన్నాయి. ఎనాన్షియోమర్లు సరిగ్గా ఇంతే. ద్రవీభవన స్థానం, సాంద్రత, మామూలు ద్రావణిలో కరిగే గుణం, హెచ్‌పీఎల్‌సీలో మామూలుగా వాడే సీ18 కాలమ్‌లో రిటెన్షన్ టైమ్ (బయటికి రావడానికి పట్టే సమయం), అన్నీ ఒకటే. తేడా బయటపడేది ధ్రువిత కాంతి ముందో, కైరల్ అయిన మరో అణువు ముందో. మీ ల్యాబ్‌లో ఎనాన్షియోమర్ అశుద్ధాన్ని కొలవడానికి కైరల్ కాలమ్ విడిగా కొనేది ఇందుకే. డయాస్టీరియోమర్ అశుద్ధమైతే చాలాసార్లు మామూలు కాలమ్ మీదే విడిపోతుంది.

కాగితం మీద దీన్ని చూడటం అలవాటయ్యే దాకా చేత్తో చేయండి. పూర్ణా మార్కెట్‌లోనో, ద్వారకానగర్ స్టేషనరీ షాపుల్లోనో థర్మోకోల్ ఉండలు దొరుకుతాయి. పెద్దవి 2, చిన్నవి 8, ఒక డబ్బా టూత్‌పిక్‌లు, నాలుగు రంగులు తీసుకోండి. పెద్ద ఉండకు మూడు పుల్లలు మూడు కాళ్లలా కింద గుచ్చి, నాలుగోది నిటారుగా పైకి పెట్టండి. నాలుగింటిలో ఏ పుల్లను పైకి తిప్పినా మిగతా మూడింటి మీద అది ఒకేలా నిలబడితే కోణాలు సరిగ్గా కుదిరినట్టు. అసలు విలువ 109.5 డిగ్రీలు. చివర్లకు ఎరుపు, నీలం, పసుపు, తెలుపు ఉండలు గుచ్చండి. రెండోదాన్ని మొదటిదాని ప్రతిబింబంగా చేయండి. ఎటు తిప్పినా నాలుగు రంగులూ ఒకేసారి కలవవు. ఇప్పుడు ఒకదానిలో ఏ రెండు రంగులనైనా తారుమారు చేయండి, రెండూ ఒకటైపోతాయి. మళ్లీ ఇంకో రెండు మార్చండి, మళ్లీ వేరవుతాయి. ఒక మార్పిడితో అమరిక తిరగబడుతుంది, రెండు మార్పిడులతో మొదటికొస్తుంది. ఫిషర్ బొమ్మల నియమాలన్నీ ఇందులోంచే వస్తాయి.

ఆర్-ఎస్ పెట్టడానికి కాన్, ఇంగోల్డ్, ప్రెలాగ్ నియమాలు. కైరల్ కార్బన్‌కు నేరుగా అతికిన పరమాణువుల్లో పరమాణు సంఖ్య ఎక్కువదే పెద్దది. సమానమైతే వాటి తర్వాతి పరమాణువుల జాబితా రాసి, మొదట తేడా వచ్చిన చోట ఆగాలి. ద్విబంధాన్ని అదే పరమాణువు రెండుసార్లు అతికినట్టు లెక్కించాలి. ఆల్డిహైడ్ గ్రూపు జాబితా ఆక్సిజన్, ఆక్సిజన్, హైడ్రోజన్. కార్బాక్సిల్‌ది ఆక్సిజన్ మూడుసార్లు. ఐసోటోపుల్లో బరువైనది పెద్దది, డ్యుటీరియం తర్వాతే హైడ్రోజన్.

అందరూ పడే గొయ్యి జాబితాలను కూడేయడం. కూడకూడదు, ఒక్కొక్కటిగా పోల్చాలి. సిస్టీన్ తీసుకోండి. దాని సల్ఫర్ ఉన్న పక్క శాఖ జాబితా సల్ఫర్, హైడ్రోజన్, హైడ్రోజన్. కార్బాక్సిల్‌ది మూడు ఆక్సిజన్లు. కూడితే కార్బాక్సిల్ గెలుస్తుంది, కానీ మొదటి పోలికలోనే సల్ఫర్ ఆక్సిజన్‌ను దాటేసింది. అందుకే ప్రొటీన్లలోని మిగతా కైరల్ ఎల్-అమైనో ఆమ్లాలు ఎస్ అయితే, ఎల్-సిస్టీన్ మాత్రం ఆర్. అమరికలో తేడా ఏమీ లేదు, పేరు పెట్టే నియమం వల్ల అక్షరం మారింది. గుర్తులను గుర్తులుగానే చూడాలని నేను పదేపదే అంటున్నది ఇందుకే.

వరుస తేలాక, అతి చిన్న గ్రూపు మనకు దూరంగా ఉండేలా చూసి 1, 2, 3 ఎటు తిరుగుతున్నాయో చూడాలి. గడియారం ముల్లు దిశలో అయితే ఆర్, ఎదురైతే ఎస్. చిన్న గ్రూపు వెనక లేకపోతే తల వంచి ఊహించుకునే కష్టం పడకండి. చిన్నదాన్ని, వెనక ఉన్నదాన్ని తారుమారు చేసి చదివి, వచ్చిన జవాబును తిరగేయండి.

ఫిషర్ బొమ్మలో అడ్డగీతలు మన వైపుకు వస్తాయి, నిలువు గీతలు వెనక్కి పోతాయి. కాగితాన్ని 180 డిగ్రీలు తిప్పితే అడ్డం అడ్డంగానే ఉంటుంది, ఇబ్బంది లేదు. 90 డిగ్రీలు తిప్పితే మన వైపు ఉన్నవి వెనక్కి పోయినట్టు అర్థం మారిపోతుంది, అమరిక తిరగబడుతుంది. మీ జవాబు మారిపోయింది ఇక్కడే అయి ఉండాలి. బొమ్మను కాగితం మీద నుంచి ఎత్తి బోర్లా తిప్పడం కూడా కుదరదు. లాక్టిక్ ఆమ్లంతో ఒకసారి చేసి చూద్దాం. పైన కార్బాక్సిల్, కింద మిథైల్, కుడివైపు హైడ్రాక్సిల్, ఎడమవైపు హైడ్రోజన్. వరుస: హైడ్రాక్సిల్ 1, కార్బాక్సిల్ 2, మిథైల్ 3. కుడి నుంచి పైకి, అక్కడి నుంచి ఎడమ మీదుగా కిందికి, అంటే గడియారానికి ఎదురు దిశ. ఎస్ అనిపిస్తుంది. కానీ హైడ్రోజన్ అడ్డగీత మీద ఉంది, మన వైపు చూస్తోంది, కాబట్టి తిరగేయాలి. జవాబు ఆర్. హైడ్రోజన్ నిలువు గీత మీద ఉంటే మాత్రం చదివింది చదివినట్టే.

హైడ్రాక్సిల్ కుడివైపు ఉంది కాబట్టి అదే డీ-లాక్టిక్ ఆమ్లం కూడా. పెద్ద అక్షరం డీ, ఎల్ గ్లిసరాల్డిహైడ్‌తో పోల్చి పెట్టిన గుర్తులు. చక్కెరల్లో కార్బొనిల్‌కు అతి దూరంగా ఉన్న కైరల్ కార్బన్‌ను చూస్తారు. పాత పుస్తకాల్లో చిన్న అక్షరం డీ, ఎల్ అని ఉంటే అవి ప్లస్, మైనస్‌లకు మారుపేర్లు. ఒకేలా పలికే ఈ రెండు జతలూ ఎంతోమందిని తికమకపెట్టాయి. డీ-గ్లూకోజ్ ప్లస్, డీ-ఫ్రక్టోజ్ మైనస్. రెండూ పెద్ద డీయే.

ఇప్పుడు మీ ల్యాబ్‌లో కనిపించిన వింతకు వద్దాం. లీవోఫ్లాక్ససిన్ ఎస్, కాంతిని ఎడమకు తిప్పుతుంది. డెక్సిబుప్రొఫెన్ కూడా ఎస్సే, కుడికి తిప్పుతుంది. తప్పు ఎక్కడా లేదు. ఇంకా సూటిగా కావాలంటే ఎస్-లాక్టిక్ ఆమ్లం ప్లస్. దాన్ని మిథైల్ ఎస్టర్‌గా మారిస్తే కైరల్ కార్బన్ బంధాల్లో ఒక్కటీ తెగదు, అమరిక ఎస్‌గానే ఉంటుంది, కానీ గుర్తు మైనస్ అవుతుంది. ఖాయంగా చెప్పగలిగింది ఒక్కటే: ఒకే పరిస్థితుల్లో ఒక ఎనాన్షియోమర్ ఎంత ప్లస్ చూపితే దాని జోడీ అంతే మైనస్ చూపుతుంది.

పోలారిమీటర్ రోజూ మీ చేతిలో ఉంటుంది కాబట్టి దాని మీద ఇంకాస్త చెప్పాలి. విశిష్ట భ్రమణం కావాలంటే చదివిన కోణాన్ని 100తో గుణించి, డెసిమీటర్లలో ట్యూబు పొడవును 100 మి.లీ.లోని గ్రాములతో గుణించిన సంఖ్యతో భాగించాలి. 100 మి.లీ.లో 10 గ్రాముల పంచదార, 2 డెసిమీటర్ల ట్యూబు అయితే 13.3 డిగ్రీలు రావాలి, దాన్నుంచి 66.5 వస్తుంది. కొత్త పరికరం మీద చేయి కుదిరిందో లేదో చూసుకోవడానికి ఇదే మంచి పరీక్ష. సోడియం దీపం స్థిరపడే దాకా ఆగండి. సున్నాను ఖాళీ ట్యూబుతో కాకుండా అదే ద్రావణితో పెట్టండి. బుడగ ఉంటే ట్యూబు ఉబ్బు భాగంలోకి పంపండి. మూతలు మరీ బిగిస్తే చివరి గాజు బిళ్లల మీద ఒత్తిడి పడి అదే కొంత భ్రమణం చూపిస్తుంది. ద్రావణం మసకగా ఉంటే వడకట్టాలి. మోనోగ్రాఫ్‌లో (ఆ మందుకు నిర్దేశించిన పరీక్షల పత్రంలో) రాసిన ద్రావణి, ఉష్ణోగ్రత మార్చకూడదు, ఒక్కోసారి ద్రావణి మారితే గుర్తే మారుతుంది.

సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ఇంకోటి. మోనోగ్రాఫ్ ఫలితాన్ని ఎండిన పదార్థం లెక్కన అడిగితే తేమ శాతాన్ని తప్పక సవరించాలి. 5 శాతం నీరు పీల్చిన నమూనా మీద సవరణ మరిచిపోతే విలువ 5 శాతం తగ్గి, మంచి బ్యాచ్ కూడా ఫెయిల్ అయినట్టు కనిపిస్తుంది. గ్లూకోజ్ అయితే కరిగించిన వెంటనే చదవకండి. ఆల్ఫా రూపం సుమారు ప్లస్ 112 దగ్గర మొదలై, బీటాతో సమతుల్యానికి వచ్చేటప్పటికి 52.7 దగ్గర నిలుస్తుంది. కొద్దిగా అమ్మోనియా చేర్చి అరగంట ఆగమని పరీక్షా విధానంలో రాసేది ఆ స్థిరత్వం త్వరగా రావడానికే. రీడింగ్ ప్లస్ 10 వచ్చినప్పుడు అది నిజంగా ప్లస్ 10యేనా, మైనస్ 170యా అన్న అనుమానం ఉంటే గాఢతను సగం చేసి చూడండి. ప్లస్ 5 వస్తే మొదటిది. ప్లస్ 95 దగ్గర, అంటే మైనస్ 85 దగ్గర వస్తే రెండోది.

ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్ (ఒక ఎనాన్షియోమర్ రెండోదాని కన్నా ఎంత శాతం ఎక్కువ ఉందో చెప్పే లెక్క) దగ్గర జరిగే తప్పు కూడా చెప్పేస్తాను. శుద్ధ పదార్థం విలువ ప్లస్ 20, మీ నమూనా ప్లస్ 16 అయితే ఎక్సెస్ 80 శాతం. అంటే మిశ్రమం 80:20 అని కాదు. మిగిలిన 20 శాతం రేసిమిక్, అంటే అందులో రెండు ఎనాన్షియోమర్లూ చెరిసగం. కాబట్టి మిశ్రమం 90:10.

ఐసోమర్ల సంఖ్యకు 2 ఘాతం ఎన్ అన్న సూత్రం (ఎన్ అంటే కైరల్ కార్బన్లు, ఈ-జెడ్ వీలున్న ద్విబంధాల మొత్తం) గరిష్ఠ పరిమితి మాత్రమే. మీ లెక్క తప్పేది మూడు చోట్ల. ఒకటి, సౌష్ఠవం. టార్టారిక్ ఆమ్లంలో రెండు కైరల్ కార్బన్లు ఉన్నాయి, రెంటి మీదా అవే గ్రూపులు. 2ఆర్,3ఆర్ ఒకటి, 2ఎస్,3ఎస్ దాని ప్రతిబింబం. 2ఆర్,3ఎస్‌ను 180 డిగ్రీలు తిప్పితే 2ఎస్,3ఆర్ అదే అయిపోతుంది. అది మీసో రూపం, మొత్తం మూడే. మీసోలో ఒక సగం తిప్పినది రెండో సగం వెనక్కి తిప్పేస్తుంది, కాబట్టి భ్రమణం సున్నా. రేసిమిక్ మిశ్రమానికీ సున్నాయే, కానీ కారణం వేరు: అక్కడ రెండు రకాల అణువులు సమానంగా కలిసి ఉన్నాయి, కాబట్టి వేరుచేయవచ్చు. మీసోను వేరుచేయడానికి లోపల ఏమీ లేదు. ద్రవీభవన స్థానాలు కూడా వేరు: ప్లస్, మైనస్ రూపాలు సుమారు 170, మీసో సుమారు 147, రేసిమిక్ సుమారు 206 డిగ్రీలు. మన చింతపండులో ఉండేది 2ఆర్,3ఆర్, అది ప్లస్.

రెండు, ద్విబంధాన్ని మరిచిపోవడం. పెంట్-3-ఈన్-2-ఓల్‌లో కైరల్ కార్బన్ ఒకటే, కానీ ద్విబంధం కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి నాలుగు. హెక్సా-2,4-డయీన్‌లో రెండు ద్విబంధాలున్నా రెండు చివర్లూ ఒకటే కాబట్టి మూడు. మూడు, వలయాల కట్టుబాటు. హారతి కర్పూరం అణువులో రెండు కైరల్ కార్బన్లు ఉన్నాయి, సూత్రం నాలుగు అంటుంది. వలయం మీద వంతెన ఒక వైపు నుంచే వేయగలం కాబట్టి ఉన్నవి రెండే. కర్పూరం చెట్టు నుంచి వచ్చేది ప్లస్. పైనీన్ నుంచి తయారుచేసే కృత్రిమ కర్పూరం ఎక్కువగా రేసిమిక్, పోలారిమీటర్‌లో ఏమీ చూపదు.

కైరల్ కార్బన్ ఉంటేనే కైరాలిటీ అన్న నమ్మకం కూడా వదిలేయండి. పెంటా-2,3-డయీన్‌లో అలాంటి కార్బన్ ఒక్కటీ లేదు, అయినా అది కైరల్. ఎసోమెప్రజోల్‌లో కైరల్ కేంద్రం సల్ఫర్. దాని మీది ఒంటరి జంట (బంధంలో పాల్గొనని రెండు ఎలక్ట్రాన్లు) అతి చిన్న గ్రూపుగా లెక్క. నైట్రోజన్ మీద మూడు వేర్వేరు గ్రూపులు, ఒక ఒంటరి జంట ఉన్నా సాధారణ అమీన్లను అలా విడదీయలేం. అడ్డు మోల్‌కు సుమారు 25 కిలోజౌళ్లే కనుక అణువు గాలికి గొడుగు తిరగబడినంత సులువుగా గది ఉష్ణోగ్రతలోనే అటూ ఇటూ మారిపోతూ ఉంటుంది.

వేరుచేయడం గురించి క్లుప్తంగా. పాశ్చర్ 1848లో సోడియం అమ్మోనియం టార్టరేట్ స్ఫటికాలను ఆకారం చూసి చేత్తో ఏరాడు. సుమారు 27 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆ లవణం రెండు రకాల స్ఫటికాలుగా విడిపోతుంది. విశాఖ ఎండాకాలంలో ఏసీ లేని గదిలో అది సాగదు. పరిశ్రమలో ఎక్కువగా నడిచేది ఆయన తర్వాత కనిపెట్టిన మార్గం: రేసిమిక్ క్షారానికి శుద్ధ టార్టారిక్ ఆమ్లం వంటి కైరల్ ఆమ్లాన్ని కలిపితే రెండు లవణాలు డయాస్టీరియోమర్లు అవుతాయి. కరిగే గుణం తేడాగా ఉంటుంది కాబట్టి ఒకటి ముందు స్ఫటికంగా పడుతుంది. వడకట్టి, మళ్లీ క్షారంగా మార్చుకుంటారు. చేర్చిన ఆమ్లమే శుద్ధంగా లేకపోతే ఎన్నిసార్లు స్ఫటికీకరించినా ఎక్సెస్ ఒకచోట ఆగిపోతుంది, ముందు దాన్నే పరీక్షించాలి.

మందుల్లో ఇది ఎంత ముఖ్యమో చెప్పడానికి క్షయకు వాడే ఇథాంబ్యుటాల్ చాలు. దాని ఎస్,ఎస్ రూపమే మందు. ఆర్,ఆర్ రూపానికీ, మీసోకూ ఆ శక్తి చాలా తక్కువ. థాలిడోమైడ్ కథ మాత్రం తరగతుల్లో సగమే చెబుతారు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చి, పుట్టబోయే పిల్లలకు అంగవైకల్యం తెచ్చి, 1961లో వెనక్కి తీసుకున్న మందు అది. ఒక్క ఎనాన్షియోమర్‌నే అమ్మి ఉంటే సరిపోయేదని అంటారు. కానీ దాని కైరల్ కార్బన్ కార్బొనిల్ పక్కన ఉండటంతో దాని మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడి మళ్లీ అతుక్కుంటుంది, శరీరంలోనే రెండు రూపాలూ ఒకదాంట్లోంచి ఒకటి తయారవుతాయి. కార్బొనిల్ పక్కన హైడ్రోజన్ ఉన్న కైరల్ కేంద్రం మీ నమూనాలో కనిపిస్తే, క్షారం, వేడి, నిల్వ కాలం మూడింటినీ అనుమానించండి.

ఈ వారం ఒక నాలుగు లెక్కలు చేసి, ప్రతి దానికీ బొమ్మలన్నీ గీసి, ఏ రెండు బొమ్మల మధ్య ఏ చుట్టరికమో పక్కన రాయండి: 2,3-డైక్లోరోబ్యూటేన్, 2-బ్రోమో-3-క్లోరోబ్యూటేన్, 1,3-డైమిథైల్‌సైక్లోహెక్సేన్, 1,4-డైమిథైల్‌సైక్లోహెక్సేన్. మొదటిదానికి మూడు రావాలి, రెండో దానికి నాలుగు. 1,3-కి మూడు: సిస్ మీసో, ట్రాన్స్ ఒక ఎనాన్షియోమర్ల జత. 1,4-కి రెండే, సిస్, ట్రాన్స్. రెంటిలోనూ సౌష్ఠవ తలం ఉంది కాబట్టి రెండూ కాంతిని తిప్పవు. నాలుగో దానికి మూడు వచ్చాయంటే ట్రాన్స్ రూపాన్ని రెండుసార్లు గీసి ఉంటారు. రెండో బొమ్మను 180 డిగ్రీలు తిప్పి మొదటిదాని మీద పెట్టి చూడండి.